మా బావ తొక్కిన మెడ

మెడ నొప్పి గురించి రాయమని మా మేళగాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఒకడు కనిగిరి నుంచి ఫోన్ చేసి "అన్నా, ఆ గడ్డం వెనక్కి లాగేది ఎట్టా చెయ్యాలి?" అంటాడు. ఇంకొకడు "నీకు చెయ్యి మళ్లీ వచ్చిందంట గదా, ఏ దర్గాకి మొక్కుకున్నావు?" అంటాడు. చెప్పీ చెప్పీ దవడలు నొప్పెడుతున్నాయి. అందుకని ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నాను. ఇకమీదట ఎవడన్నా ఫోన్ చేస్తే, ముందు ఇది చదువుకోరా నాయనా అంటాను.

నా పేరు నాగూర్. నల్లపాడు దాటాక ఒక పల్లె మాది. సాయిబులమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే, తాతల నాటి నుంచి తింటున్నది పెళ్లిళ్లలో వాయించిన కూడే. నేను డోలు, మా అక్క మొగుడు మస్తాన్ బావ సన్నాయి. మా ఇంట్లో గోడకి రెండు క్యాలెండర్లు వేలాడతాయి. ఒకటి నమాజు వేళలది, ఒకటి పెళ్లి ముహూర్తాలది. మొదటిది కాస్త అటూ ఇటూ అయితే దేవుడు క్షమిస్తాడు. రెండోది తప్పామా, పెళ్లికూతురి మేనమామ ఊరు దాటనివ్వడు.

మాఘమాసం

మాఘం అంటే మాకు మిరప కోతల లాంటిది. వరసబెట్టి ముహూర్తాలు. పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. డోలంటే పనస చెక్కతో చేసిన మొద్దు. ఎదురుకోలుకీ ఊరేగింపుకీ దాన్ని మెడకి తగిలించుకుని నడవాలి. స్కూలుకెళ్లే పిల్లాణ్ణి మెడకి వేలాడేసుకుని ఊరంతా తిరిగినట్టే. అందులోనూ మా నాన్న పట్టీ పొట్టిగా కట్టేవాడు, డోలు గుండెల మీదికి రావాలని. నేనూ అంతే. డోలు కిందికి జారితే వాయించేవాడి పరువు జారినట్టేనని మా ఇంట్లో లెక్క.

ఆ నెల మెడ పట్టేసింది. మొదట్లో ఎవరు పట్టించుకుంటారు? మా ఆవిడ సైదాబీ నా దిండు తీసుకెళ్లి ఎండలో వేసింది. మెడ పడితే దిండు ఎండబెట్టడం మా వైపు పెద్ద వైద్యం. నొప్పేమో నాకు, ఎండ కాసేదేమో దిండుకి. సాయంత్రానికి దిండు కరకరలాడుతోంది, నా మెడ మాత్రం అట్టాగే ఉంది. తర్వాత నువ్వులనూనె, ఆ తర్వాత వేడి ఉప్పు మూట, ఆ తర్వాత మా బావ.

మా బావ ఎదురుకాళ్లతో పుట్టాడు. అంటే తల్లి కడుపులోంచి ముందు కాళ్లొచ్చాయన్నమాట. అట్టా పుట్టినవాళ్లు కాలితో తొక్కితే పట్టేసిన నడుము వదిలేస్తుందని మా ఊళ్లో గట్టి నమ్మకం. మిరప కోతలప్పుడు బావ వాకిట్లో క్యూ ఉంటుంది. ఆయన కూడా ఒక్క పైసా తీసుకోకుండా, బిస్మిల్లా అనుకుని, తొక్కి పంపిస్తుంటాడు. నడుము మీద అయితే ఏమోగానీ, మెడ మీద తొక్కడం అదే మొదలు. అది కూడా నేనే అడిగాను.

"బోర్లా పడుకోరా" అన్నాడు.

"మెల్లిగా బావా."

"నేను తొక్కినాక లేవనివాణ్ణి ఒక్కణ్ణి చూపించు" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

మా బావ సన్నాయి వాయించే మనిషి. ఊపిరితిత్తులు పెద్దవి, పొట్ట ఇంకా పెద్దది. ఆ బరువంతా మడమ మీదికి తెచ్చి నా మెడ మీద మోపాడు. కటుక్కుమంది. మెడలోంచి కుడి భుజం మీదుగా బొటనవేలి దాకా కరెంటు పాకినట్టయింది.

"ఎట్టా ఉంది?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది బావా" అన్నాను. ఏమనమంటారు? అక్క మొగుడు, పెద్దవాడు, పొద్దున్నే టీ అన్నా తాగకుండా వచ్చి తొక్కాడు.

మర్నాడు చొక్కా గుండీ పెట్టుకోవడం నావల్ల కాలేదు. కుడిచెయ్యి బొటనవేలూ చూపుడువేలూ నావి కానట్టున్నాయి. టీ గ్లాసు పట్టుకుంటే జారిపోయింది. డోలుకి కుడివైపంతా ఆ వేళ్లే. వేళ్లకి తొడుగులు పెట్టుకుని డోలు మీద వేళ్లు వేస్తే తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పుడు. అప్పుడు భయపడ్డానండీ. నిజంగా భయపడ్డాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

సైదాబీ ఊరుకునే మనిషా? "ఆ ఏనుగుతో తొక్కించుకునే బదులు నిజం ఏనుగుతోనే తొక్కించుకోవాల్సింది, దానికన్నా కాస్త బుద్ధుంటుంది" అని వీధి వీధంతా వినపడేట్టు అరిచింది. మా అక్క ఊరుకుంటుందా? "మా ఆయన పిలవని పేరంటానికి వచ్చాడా? మీ ఆయనే వచ్చి బోర్లా పడుకున్నాడు" అంది. పంపు దగ్గర ఆ రోజు ఎవరి బిందే నిండలేదు. ఆడబడుచూ మరదలూ మాటలు మానేశారు. బావ మా ఇంటివైపు రావడం మానేశాడు.

రంజాన్

గుంటూరు కొత్తపేటలో పెద్ద డాక్టరు ఫోటోలు తీయించి చూసి, మెడలో నరం నలుగుతోందన్నాడు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, ముందు ఫిజియోథెరపీ చేయించుకో, చెయ్యి ఇంకా బలహీనపడితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా పరిగెత్తుకురా అన్నాడు.

"మరి డోలు సార్?"

"ఇప్పుడు దాని ఊసెత్తకు. చేతిలో పట్టు వస్తే అప్పుడు చూద్దాం."

వస్తే అన్నాడు. బస్సు ఎక్కినా, దిగినా, నిద్రపోయినా ఆ "వస్తే" నా చెవిలోనే ఉంది.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెడతారని మా ఊళ్లో చెప్పి పంపారు. తీరా వెళ్తే మా పెద్దమ్మాయి వయసు డాక్టరమ్మ. వేడి కాపడం పెట్టి, మెడా భుజాలూ నొక్కి చూసి, "ఇక మిగతాదంతా మీ పనే, నేను చూపిస్తాను, మీరు చెయ్యాలి" అంది. నాకు కాస్త నిరాశే అయింది. మనకి వైద్యమంటే ఎవరో మనకి చెయ్యాలి గదా!

బయట బెంచీ మీద మాకో సంఘం తయారైంది. పక్కన కోటమ్మ గారు. ఏళ్ల తరబడి మిరపకాయలకి తొడిమలు తీసీ తీసీ తల ఎత్తలేకపోతున్న పెద్దావిడ. ఆ పక్కన మంగళగిరి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి. పైకి చూడాలంటే ముగ్గురం కలిసి బెంచీ వెనక్కి వాల్చుకోవాలి. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి "అందరూ గడ్డం వెనక్కి" అనేది. కిందికి కాదు, వెనక్కి. నాకు ఎంతకీ కుదిరేది కాదు, ప్రతిసారీ తల దించేసేవాణ్ణి.

"పాసిపోయిన కూర ముక్కు దగ్గర పెడితే ఏం చేస్తావు నాయనా? మొహం వెనక్కి జరపవూ? అదే ఇది" అంది కోటమ్మ గారు.

టక్కున కుదిరింది. చూపు తిన్నగా ఉండాలి, గడ్డం కింద ఇంకో గడ్డం పుట్టాలి. కాసేపు ఆపి వదిలెయ్యాలి. తర్వాత వీపు మీది రెండు రెక్కలూ వెనక్కి లాగి దగ్గరికి తేవడం. ఆ తర్వాత నుదుటికి అరచెయ్యి ఆనించి, తల కదలకుండా చేతిని నెట్టడం. నొప్పి పెరిగితే, తిమ్మిరి పాకితే ఆపెయ్యాలి, మొండితనం చూపించకూడదు అనేది డాక్టరమ్మ. మొండితనం లేకపోతే డోలు ఎట్టా వస్తుందమ్మా అని మనసులో అనుకునేవాణ్ణి.

రంజాన్ వచ్చింది. ఉపవాసం ఉంటూనే వెళ్లేవాణ్ణి. కోటమ్మ గారు అది గమనించి, అప్పట్నుంచి తన టిఫిన్ డబ్బా పట్టుకుని వరండా చివరికి వెళ్లి తినొచ్చేది. ఒకరోజు కవరులో ఖర్జూరాలు తెచ్చి "పొద్దుగూకాక తిను, మా వీధిలో సాయిబు కొట్టువాణ్ణి అడిగి మంచివి తెచ్చా" అంది. వెళ్లేముందు నా చొక్కా చేతి గుండీ కూడా తనే పెట్టింది. తల దించుకుని కూర్చున్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నమాజు చివర కుడివైపుకీ ఎడమవైపుకీ తల తిప్పి సలాం చెప్పాలి. మొదటిది కుడివైపే. నాకు అదే తిరగదు. కళ్లు మాత్రం అటు తిప్పి, మనిషి మొత్తం కాస్త అటు వొరిగి సరిపెట్టేవాణ్ణి. మసీదులో పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరోజు "ఏం నాగూరూ, నా మీద కోపమా?" అన్నాడు. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఒక సాయంత్రం, ఉపవాసం విడిచే వేళకి బావ గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సైదాబీ గోడవైపు చూస్తూ, "ఉపవాసం ఉన్న మనిషిని ఈ వేళప్పుడు గుమ్మంలో నిలబెట్టకూడదు కాబట్టి లోపలికి రమ్మంటున్నాం. దేన్నీ మరిచిపోయామని కాదు" అంది. బావ వచ్చి కూర్చుని గంజి తాగాడు. తాగినంతసేపూ నా కుడిచేతి వంక చూశాడు గానీ నా మొహం వంక చూడలేదు.

శ్రీరామనవమి

మా ఊరి రాములవారి కల్యాణానికి మేళం మా ఇంటిదే, మా తాత నాటి నుంచీ. ఆ ఏడు డోలుకి బయటి ఊరి నుంచి ఒకణ్ణి పిలిచారు. నేను పందిట్లో జనంతోపాటు కూర్చుని పానకం తాగుతూ విన్నాను. వాడు బాగా వాయించాడు. చెడ్డగా వాయించి ఉంటే ఎంత హాయిగా ఉండేదో! ప్రతి దెబ్బకీ నా వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి, రెండు వేళ్లు మాత్రం మొద్దుల్లా పడున్నాయి. "ఏరా నాగూరూ, ఇక డోలు వదిలి తాళం వేసుకో, అది తేలిక గదా" అన్నాడొక పెద్దమనిషి, మంచికే అన్నాడు. నాకు లేచి వెళ్లి ఎక్కడన్నా ఏడవాలనిపించింది. బావ ఆ కల్యాణమంతా కళ్లు మూసుకునే వాయించాడు.

ఎండాకాలం

ఎండలు ముదిరేసరికి గుండీ పట్టు చిక్కింది. ఓ రోజు పొద్దున నేనే పెట్టుకున్నాను. అన్నీ పెట్టుకుని, విప్పి, మళ్లీ పెట్టుకున్నాను. సైదాబీ చూసి "పెళ్లికొడుకు తయారవుతున్నాడు" అని వెక్కిరించి, వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ సంగతి చెప్పగానే డాక్టరమ్మ, "రేపు డోలు తీసుకురండి, మీరు పనెట్టా చేస్తారో నేను చూడాలి" అంది. డోలొక్కటే చూపిస్తే ఏం తెలుస్తుంది, సన్నాయి లేకుండా? కబురు పెడితే బావ తెల్లారేసరికి ఆటోతో సహా వచ్చి నిలబడ్డాడు. ఆటోలో ఒక చివర ఆయన, ఇంకో చివర డోలూ నేనూ, మా మధ్య కోటగోడలా సైదాబీ.

డాక్టరమ్మ మెల్లిగా, కాసేపే అని చెప్పి వాయించమంది. ఆసుపత్రిలో సన్నాయి వినపడేసరికి బెంచీ మీది జనమంతా తలుపు దగ్గరికొచ్చారు. కోటమ్మ గారు "ఎవరికి పెళ్లే?" అంటూ వచ్చింది. డాక్టరమ్మ మాత్రం పాట వినలేదు, నా మెడే చూసింది.

"అటు ఎందుకు తిరిగారు?"

"బావ మొహం చూడాలి గదమ్మా. పాట ఎటు మళ్లుతుందో ఆయన కనుబొమ్మలోనే ముందు తెలిసేది."

"ఆయన ఎప్పుడూ మీకు ఎడమవైపే ఉంటారా?"

"ఎప్పుడూ అంతే. సన్నాయి ఎడమ, డోలు కుడి. మా నాన్న పెట్టిన వరస."

ఆవిడ నవ్వింది. "ఇన్నేళ్లుగా అంత బరువు మెడకేసుకుని, గంటలకొద్దీ తల ఒకపక్కకే తిప్పి పెట్టారు. మెడ ఎప్పుడో అలిసిపోయింది. దాని మీద కాలు పడింది." తర్వాత బావ వైపు తిరిగి, "మీరు ఇక ఎవరి మెడా తొక్కొద్దు, నడుమూ తొక్కొద్దు. కానీ మొత్తం నేరం మీదే అనుకోవద్దు" అంది.

బావ సన్నాయి ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూశాడు.

డోలు పట్టీ వెడల్పుది వేయించమంది, రెండు భుజాల మీదికీ బరువు వచ్చేట్టు, నడుముకి ఇంకో పట్టీ కట్టి డోలు కాస్త కిందికి దించేట్టు. దానికి నేను ఒప్పుకున్నాను, పరువు పోతే పోయింది. ఆ తర్వాత, "పక్కలు మార్చుకోండి. ఒక పెళ్లికి ఆయన ఎడమ, ఇంకో పెళ్లికి కుడి. కూర్చుని వాయించేటప్పుడు వీలైతే ఎదురెదురుగా" అంది.

"కుదరదమ్మా" అన్నాడు బావ. "మా మామ నిలబెట్టిన వరస. పక్క మారితే మేళం మేళంలా ఉండదు."

సైదాబీ నెలల తర్వాత మొదటిసారి ఆయన మొహం చూసి మాట్లాడింది. "మీ మామ నిలబెట్టి వెళ్లిపోయాడు అన్నయ్యా. ఇప్పుడు నిలబడాల్సింది ఈయన."

బావ మర్నాడు పొద్దున సన్నాయి తీసుకుని మా వాకిట్లోకి వచ్చి, వచ్చీ రావడంతో నా కుడిపక్కన చతికిలబడ్డాడు. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "ఇక్కణ్ణుంచి చూస్తే పరాయివాడిలా కనపడుతున్నావురా" అన్నాడు.

ఆషాఢం

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, సాధనకి అదే మేలు. కానీ కొత్త చిక్కొకటి వచ్చిపడింది. బావ పాట మళ్లించేముందు ఎగరేసేది కుడి కనుబొమ్మ. అది ఇన్నాళ్లూ నావైపు ఉండేది. ఇప్పుడు నావైపు ఉన్నది ఎడమది, అది చచ్చినా కదలదు. మొదటి రోజుల్లో ఆయనొక చోటికీ నేనొక చోటికీ పోయాం. ఇక చూడండి, నేను వాకిట్లో గడ్డం వెనక్కి లాగుతుంటే, వాళ్లింట్లో ఆయన అద్దం ముందు నిలబడి ఎడమ కనుబొమ్మ ఎగరేస్తున్నాడు. మా అక్క హడలిపోయి, మాటలు మానేసిన సంగతి మరిచిపోయి సైదాబీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "మీ అన్నయ్యకి ఏదో అయిందే, అద్దంలో ఎవరికో సైగ చేస్తున్నాడు" అని. ఇద్దరూ అరుగు మీద కూర్చుని కడుపుబ్బ నవ్వారు. ఆ పూట వాళ్ల కూర మా ఇంటికి వచ్చింది, మా కూర వాళ్లింటికి వెళ్లింది.

ఇప్పుడు మా ఇంట్లో అందరం చేస్తాం. సైదాబీకి కూడా తొడిమలు తీసే పనిలో మెడ లాగుతుంది, మధ్యమధ్యలో లేచి గోడకి వీపు ఆనించి రెక్కలు లాగుతుంది. దిండు ఒక్కటే, మరీ ఎత్తుది కాదు. ఫోను ఒళ్లో పెట్టుకుని చూడటం లేదు, కళ్లెదురుగా ఎత్తి చూస్తున్నాం. సెలూన్లో మెడ విరుస్తానంటే వద్దు బాబూ అని లేచి వచ్చేస్తున్నాను. మసీదులో పెద్దాయనకి కుడివైపు సలాం మెడ తిప్పి మరీ చెప్పాను. "కోపం తగ్గిందా?" అన్నాడు.

శ్రావణం

మంగళగిరిలో పెళ్లి ఒప్పుకున్నాం. కొంచెం కొంచెంగా వాయించు, మధ్యలో దించు అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. పెద్ద ముహూర్తం, నిండు పందిరి. ఈ పెళ్లికి చెయ్యి నిలవకపోతే ఇక డోలు ముట్టనని సైదాబీకి చెప్పి బయల్దేరాను. "నిలుస్తుంది, నోర్మూసుకుని వెళ్లు" అంది.

ఎదురుకోలు గడిచింది. పందిట్లో కూర్చున్నాం, బావ నా కుడిపక్కన. పాట తర్వాత పాట, ఎడమ కనుబొమ్మ ఎగురుతూనే ఉంది. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. పురోహితుడు గారు మావైపు చెయ్యి ఊపి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు.

గట్టిమేళం ఎందుకో తెలుసుగా? తాళి కట్టే ఆ క్షణంలో తుమ్ము గానీ, ఏడుపు గానీ, చెడ్డమాట గానీ ఎవరి చెవినా పడకూడదు. అన్నిటినీ మా మోత మింగెయ్యాలి. బావ ఊపిరి నిండా పీల్చి ఎత్తుకున్నాడు. నేను కుడిచెయ్యి వేశాను. పలికింది. బొటనవేలు పలికింది, చూపుడువేలు పలికింది, పాత నాదం పందిరి నిండా పలికింది. సంతోషం పట్టలేక బావ వైపు తల తిప్పాను. నొప్పి లేకుండా తిరిగింది.

ఆయన సన్నాయి పెదాల దగ్గరే ఉంది గానీ అందులోకి ఊపిరి వెళ్లడం లేదు. నా చేతివంకే చూస్తూ, నోరు తెరిచి, అంత లావు మనిషి భోరుమని ఏడుస్తున్నాడు.

నేను వాయించాను. సన్నాయి లేని లోటు కూడా కలిపి, రెండు చేతులా, ఆ ఏడుపు పురోహితుడి దాకా గానీ పెళ్లికూతురి దాకా గానీ పోకుండా వాయించాను. మూడు ముళ్లూ పడ్డాయి. ఒక్కళ్లకీ వినపడలేదు.

భోజనాల దగ్గర అడిగితే, "కంట్లో అక్షింత పడిందిరా" అన్నాడు.